అమ్మ ఫోన్‌కి తాళం: అమెరికాలో ప్రీపెయిడ్ డిస్కౌంట్ ఫోన్ కొన్న నా అనుభవం

అమెరికాలో చవక ప్రీపెయిడ్ కంపెనీలు అమ్మే డిస్కౌంట్ ఫోన్ల గురించి మనవాళ్లని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయి. "అంత తక్కువకి వస్తుంటే రెండొందల డాలర్లు పోసి ఎవరు కొంటారండీ" అని కొందరు. "అవి ఇండియాలో పనిచేయవు, డబ్బు దండగ" అని ఇంకొందరు. అమ్మ ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి వచ్చినప్పుడు నేను అలాంటి ఫోనే కొన్నాను. ఆవిడ ఇక్కడున్నన్నాళ్లూ వాడింది, వెళ్లేటప్పుడు తీసుకెళ్లింది, ఇప్పుడు తెనాలిలో మన సిమ్ వేసుకుని దాంట్లోనే నాతో మాట్లాడుతోంది. కాబట్టి ఆ రెండు జవాబుల్లోనూ ఎంత నిజం ఉందో ఇప్పుడు చెప్పగలను. తల్లిదండ్రులని పిలిపించుకునేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

అసలు కొత్త ఫోన్ ఎందుకు కావాల్సి వచ్చిందంటే, అమ్మ తెచ్చుకున్న ఫోన్ ఇక్కడి నెట్‌వర్క్‌కి సరిపడలేదు. ఫోన్ మంచిదే, కొని ఏడాది కూడా కాలేదు. ఇక్కడి సిమ్ కొనేముందు *#06# నొక్కి, వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నంబర్ని, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్ని, కంపెనీ సైట్‌లో కొట్టి చూశాను. సరిపడదని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. కారణం తెలుసుకుంటే సబబే అనిపించింది. 2022లో అమెరికాలోని పెద్ద కంపెనీలన్నీ 3జీ ఆపేశాయి. అప్పట్నుంచి మాట కూడా 4జీ మీదే, అంటే వోల్టీ మీదే వెళ్లాలి. మన దేశంలో అమ్మే ఫోన్లలో వోల్టీ ఉన్నా, ఇక్కడి కంపెనీ ఆ మోడల్‌ని తన లిస్టులో పెట్టుకోకపోతే డేటా వస్తుంది గానీ కాల్ వెళ్లదు. పైగా ఇక్కడ గోడలు దాటి ఇంట్లోకి వచ్చే సిగ్నల్ చాలావరకు 600, 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్లది, అంటే ఆ ఫ్రీక్వెన్సీలది. అమ్మ ఫోన్‌లో ఆ బ్యాండ్లు లేవు.

ఇంట్లో వైఫై ఉంది కదా, వాట్సాప్‌తో సరిపెట్టుకోవచ్చు కదా అని మా ఆయన అన్నారు. నాకు మనసొప్పలేదు. పగలంతా మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటాం, అమ్మ ఒక్కతే ఇంట్లో. సాయంత్రం పార్కు దాకా నడిచి వస్తుంది. బీపీ మనిషి. ఏదన్నా అయితే 911కి కాల్ వెళ్లాలి, నాకు కాల్ రావాలి. దాని కోసం ఎంతయినా ఖర్చు పెట్టేదాన్నే. కానీ ఎంతయినా పెట్టాల్సిన అవసరం ఉందా అన్నదే ప్రశ్న.

మేం వాడే పెద్ద కంపెనీలో ఇంకో లైను తీసుకుంటే ఫోన్ "ఉచితం" అన్నారు. ఆ ఉచితం 36 నెలల బిల్లులో కొంచెం కొంచెంగా వెనక్కిచ్చే లెక్క. ఆరు నెలల్లో లైను తీసేస్తే మిగతా ముప్పై నెలల ఫోన్ ఖరీదు ఒక్కసారే కట్టాలి. ఆ మాట అడగ్గానే వదిలేశాను.

ఇక మిగిలింది ప్రీపెయిడ్. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకి ఒక మాట చెప్పాలి. పేర్లు బోలెడు కనిపిస్తాయి గానీ అడుగున ఉన్న టవర్లు ముఖ్యంగా మూడే కంపెనీలవి: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. క్రికెట్ ఏటీ అండ్ టీదే. మెట్రో టీ-మొబైల్‌దే. మింట్‌ని కూడా 2024లో టీ-మొబైలే కొనేసింది. ట్రాక్‌ఫోన్‌ని, దాని కింద ఉన్న చవక బ్రాండ్లతో సహా, 2021లో వెరైజన్ కొంది. కాబట్టి చవక కంపెనీ అంటే చవక టవరు అని భయపడక్కర్లేదు. మీ ఇంట్లో మూడింటిలో ఏ నెట్‌వర్క్ బాగా వస్తుందో చూసుకుని, దాని మీద నడిచే చవక కంపెనీని ఎంచుకుంటే చాలు. మా ఇంటికి వచ్చిన స్నేహితుల ఫోన్లలో సిగ్నల్ గీతలు చూసి ఆ పని ఐదు నిమిషాల్లో తేల్చుకున్నాను.

ప్రీపెయిడ్‌లో క్రెడిట్ చెక్, అంటే మన అప్పుల చరిత్ర చూడటం, ఉండదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ అడగరు. అమ్మలా విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి, ఎంఎస్‌కి వచ్చి ఇంకా క్రెడిట్ హిస్టరీ లేని పిల్లలకి ఇది చాలా పెద్ద సౌకర్యం.

మరి ఫోన్ అంత తక్కువకి ఎలా ఇస్తారు? ఫోన్ మీద నష్టపోయి, నెలనెలా ప్లాన్ మీద రాబట్టుకుంటారు. ఆ డబ్బు వెనక్కి వచ్చేదాకా మనం వేరే కంపెనీకి పోకుండా ఫోన్‌కి తాళం వేస్తారు. దాన్నే నెట్‌వర్క్ లాక్ అంటారు. ఆ ఫోన్‌లో వాళ్ల సిమ్ తప్ప ఇంకేదీ పనిచేయదు. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ అయినా అంతే, ఖాళీగా ఉన్న రెండో చోట మన జియో సిమ్ వేసినా తీసుకోదు. ఈ విషయం చాలామందికి తెలియదు. "డ్యూయల్ సిమ్ అని రాసుంది కదా" అని కొనేస్తారు.

నేను ధరలు చూడటం ఆపేసి, ముందు తాళం ఎప్పుడు తీస్తారన్నది వెతకడం మొదలుపెట్టాను. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదొక్కటే. 2014 ఆగస్టులో ఒబామా సంతకం చేసిన చట్టం ఒకటుంది. మన ఫోన్ మనం అన్‌లాక్ చేసుకోవడం నేరం కాదని అది చెబుతుంది. అయితే కంపెనీ ఇన్ని రోజుల్లో తాళం తీసి తీరాలని అందులో లేదు. కంపెనీల సంఘం సీటీఐఏ పెట్టుకున్న స్వచ్ఛంద నియమాల ప్రకారం ప్రీపెయిడ్ ఫోన్‌ని యాక్టివేట్ చేసిన ఏడాదిలోపు అన్‌లాక్ చేయాలి. ఏడాది అన్నది ఆఖరి గడువు. ఆ లోపల ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. నేను చూసినప్పుడు ఒకరు అరవై రోజులన్నారు, ఒకరు ఆరు నెలలన్నారు, ఒకరు పూర్తిగా ఏడాది అన్నారు. ఈ గడువులు మారిపోతూ కూడా ఉంటాయి. అందుకే నేను చెప్పిన అంకె పట్టుకుని కొనకండి, మీరు కొనే రోజున ఆ కంపెనీ అన్‌లాక్ పాలసీ పేజీ తెరిచి చదవండి.

చదివేటప్పుడు "రోజులు" అన్న మాట దగ్గర ఆగాలి. చాలా చోట్ల అది క్యాలెండర్ రోజులు కాదు, డబ్బు కట్టి సర్వీసు నడిచిన రోజులు. మధ్యలో రీఛార్జ్ ఒక వారం ఆలస్యమైతే ఆ వారం లెక్కలోకి రాదు.

నా ముందు ఒకే ఫోన్ రెండు ధరల్లో నిలబడింది. శామ్‌సంగ్ "A" సిరీస్‌లో చిన్నది, బయట అన్‌లాక్డ్‌గా కొంటే 200 డాలర్లు. ఒక కంపెనీలో 39.99, ఆరు నెలల తాళం. ఇంకో కంపెనీలో 69.99, అరవై రోజుల తాళం. అమ్మకి ఎయిర్‌పోర్టులో ఇచ్చిన గడువు ఆరు నెలలు. అప్పటికే ఆవిడ వచ్చి కొన్నాళ్లయింది. ఆరు నెలల తాళం ఉన్న ఫోన్ కొంటే, తాళం తీసే రోజుకి అమ్మ తెనాలిలో ఉంటుంది. ఫోన్ ఇక్కడి నెట్‌వర్క్‌లో ఉండదు, సర్వీసుకి మాత్రం డబ్బు కడుతూ ఉండాలి. ముప్పై డాలర్లు మిగిలినట్టే కనిపిస్తుంది గానీ, చేతిలో ఇండియాలో పనికిరాని ఫోన్ ఉంటుంది. 69.99ది తీసుకున్నాను.

ఇంకా తక్కువకి, దాదాపు ఊరికే వచ్చే ధర కూడా ఒకటుంది. వేరే కంపెనీ నంబరుని ఇక్కడికి మార్చుకుని వస్తే ఆ ధర. అమ్మకి ఇక్కడ పాత నంబరే లేదు. "ఎక్కడో ఒక చవక సిమ్ కొని, దాని నంబరు పోర్ట్ చెయ్, అయిపోతుంది" అని ఒక స్నేహితురాలు చెప్పింది. షరతులు చదివితే, ఆ నంబరు కొంతకాలంగా వాడుకలో ఉండాలని ఉంది. ఉన్న పనికి తోడు ఇంకో పని, ఇంకో టెన్షన్ ఎందుకని ఊరుకున్నాను. మీకు నిజంగానే పాత నంబరు ఉంటే మాత్రం పోర్ట్ ధర తప్పకుండా అడగండి. అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ పాత కంపెనీ నుంచి ముందే తీసుకోండి. కొత్తది పనిచేసేదాకా పాత లైను రద్దు చేయకండి, రద్దు చేస్తే నంబరు చేజారిపోతుంది.

బయల్దేరే ముందు ఇంకొకటి చూసుకున్నాను, ఫోన్ మోడల్‌కి ఉన్న బ్యాండ్లు. తాళం తీసినంత మాత్రాన ఇండియాలో సిగ్నల్ వస్తుందని కాదు. జియో 4జీ నడిచేది 3, 5, 40 నంబర్ల బ్యాండ్ల మీద. అమెరికా కోసం చేసిన చవక ఫోన్లు కొన్నిటిలో 40 ఉండకపోవచ్చు. నేను కొనబోయే మోడల్ నంబరు చివరి అక్షరంతో సహా పెట్టి తయారీదారు ఇచ్చిన వివరాల్లో చూస్తే మూడూ ఉన్నాయి. పేరు ఒకటే అయినా చివరి అక్షరం మారితే బ్యాండ్లు మారతాయి, కాబట్టి ఆ అక్షరం ముఖ్యం.

మా ఆయనకి ఐఫోన్ మీద మనసు. అదే డిస్కౌంట్‌లో కొంచెం పాత ఐఫోన్లూ ఉన్నాయి మరి. అయితే ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే చోటే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. మన దగ్గర జియో, ఎయిర్‌టెల్, వీఐ ఈసిమ్ ఇస్తాయి, నిజమే. కానీ ఫోన్ మారిన ప్రతిసారీ అమ్మ ఆ తతంగం ఒక్కతే చేసుకోలేదు. సిమ్ ఊడదీసి ఇంకో దాంట్లో పెట్టడం ఆవిడకి వచ్చు. అది చాలు.

షాపుకి అమ్మని కూడా తీసుకెళ్లాను. గుర్తింపు కార్డు అంటే మన పాస్‌పోర్టు చూపించాం, తీసుకున్నారు. కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు గానీ, ప్రతి అడుగులోనూ ఏదో ఒకటి అంటించబోయాడు. "ఈ ఫోన్‌కి కేసు, స్క్రీన్ గార్డ్ కలిపే ఇస్తామండీ" అన్నాడు. "విడిగా ఇవ్వరని పాలసీలో ఉందా?" అని అడిగితే, లేదు, తీసేస్తానన్నాడు. డబ్బు కట్టే ముందు స్క్రీన్ మా వైపు తిప్పమన్నాను. ఫోన్ 69.99, దాని మీద పన్ను, యాక్టివేషన్ 25, మొదటి నెల ప్లాన్ 50. వాటి కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను, నెలకి ఏడు డాలర్ల డివైస్ ప్రొటెక్షన్. మేం అడగలేదు, అతను చెప్పలేదు. "అదేమిటి?" అంటే, "మొదటి నెల అందరికీ పెడతాం, తర్వాత మీరు తీసేసుకోవచ్చు" అన్నాడు. ఇప్పుడే తీసేయమన్నాను. తీశాడు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, ఆటోపే పెట్టిన కార్డు మీద అలాంటి ఏడు డాలర్లు నెలల తరబడి ఎవరి కంటా పడకుండా పోతుంటాయి. వచ్చీరాని ఇంగ్లిష్‌తో వెళ్లిన పెద్దవాళ్ల దగ్గరైతే మరీ సులువు. నాకు ఆ విషయంలో చాలా కోపం వచ్చింది.

యాభై డాలర్ల ప్లాన్ ఎందుకంటే, డిస్కౌంట్ ధర కావాలంటే మొదటి నెల ఆ ప్లాన్ తీసుకోవాలి. తర్వాత 35 డాలర్ల దానికి దిగొచ్చు. "దిగితే అన్‌లాక్ లెక్క మారుతుందా?" అని అడిగాను. మారదన్నాడు. ఆ రోజు పాలసీ పేజీని ఫోన్‌లో పీడీఎఫ్‌గా దాచుకున్నాను. రసీదు, పెట్టె మీద ఐఎంఈఐ ఉన్న లేబుల్, రెండూ ఫొటో తీసిపెట్టుకున్నాను. తర్వాత నన్ను కాపాడినవి ఆ మూడే.

ఇంటికొచ్చాక ఫోన్ తయారుచేయడం పెద్ద పనేం కాదు. భాష తెలుగుకి మార్చాను, అక్షరాలు పెద్దవి చేశాను, కంపెనీవాళ్లు ముందే నింపి ఇచ్చిన ఆటలు, షాపింగ్ యాప్‌లు తీసేయగలిగినన్ని తీసేశాను. వైఫై కాలింగ్ ఆన్ చేసి, 911 కోసం అడిగే చోట మా ఇంటి అడ్రసు రాశాను. ఆ అడ్రసు ఖాళీగా వదలకండి. తెలుగులో మాట్లాడితే టైపు అయ్యేలా కీబోర్డు పెట్టి ఇచ్చాక అమ్మకి ఫోన్ మీద ప్రేమ పుట్టింది.

ఇండియా సిమ్ పాత ఫోన్‌లోనే ఉంచేశాం, రోమింగ్ ఆన్ చేసి. బ్యాంకు ఓటీపీలు అందులోకే వచ్చాయి. యూపీఐ యాప్‌లకి అసలు ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. కాబట్టి తాళం ఉన్న కొత్త ఫోన్‌లోకి వాటిని మార్చే దారే లేదు. వాట్సాప్ మాత్రం ఒకే నంబరుతో రెండు ఫోన్లలోనూ నడుస్తుంది. పాత ఫోన్‌ని ముఖ్యమైనదిగా ఉంచి, కొత్త దాన్ని లింక్ చేసిన పరికరంగా కలిపాను. అమ్మ చుట్టాలెవరికీ కొత్త నంబరు చెప్పే పని పడలేదు.

నంబరు విషయంలో మాత్రం ఒక తలనొప్పి వచ్చింది. ఇక్కడ వదిలేసిన నంబర్లని కొన్నాళ్లకి మళ్లీ ఇంకొకరికి ఇస్తారు. అమ్మకొచ్చిన నంబరు అంతకుముందు ఎవరిదో, ఆ మనిషి అప్పు వసూలు కోసం ఏజెన్సీవాళ్లు రోజూ ఫోన్ చేసేవాళ్లు. "ఎవరో డాలర్లు కట్టమంటున్నారే, నేనేం కొన్నాను?" అని అమ్మ కంగారుపడిపోయింది. ఒకసారి నేనే ఎత్తి, నంబరు మారిందని చెప్పి, తమ లిస్టులోంచి తీసేయమన్నాను. అయినా పూర్తిగా ఆగలేదు. చివరికి కాంటాక్టుల్లో లేని నంబరేదైనా మోగకుండా సెట్టింగ్ పెట్టాను. ప్రశాంతం.

వాడకం ఎలా ఉందంటే, ఇంట్లో, పార్కులో, షాపుల్లో మా ఖరీదైన ఫోన్లకీ దీనికీ తేడా తెలియలేదు. తేడా తెలిసింది గుళ్లో. పండగ రోజు వేలమంది ఒకేచోట చేరినప్పుడు నా ఫోన్‌లో ఫొటోలు వెళ్తున్నాయి, అమ్మ ఫోన్‌లో గుండ్రం తిరుగుతూనే ఉంది. రెండూ ఒకే టవరు. రద్దీ ఎక్కువైనప్పుడు ముందు పెద్ద ప్లాన్లవాళ్ల డేటా పంపి, తర్వాత చవక ప్లాన్లవాళ్లది పంపుతారు. కాల్స్ మాత్రం ఆ రద్దీలోనూ వెళ్లాయి. అమ్మ అవసరానికి అది పెద్ద లోటు కాదు. రోజూ అలాంటి రద్దీలో పనిచేసేవాళ్లయితే ఆలోచించుకోవాలి.

అరవై రోజులూ నిండాయి. తాళం దానంతటదే తీసేస్తామని పాలసీలో ఉంది. తీయలేదు. మా ఆయన సిమ్ తీసి అమ్మ ఫోన్‌లో వేసి చూశాను. స్క్రీన్ మధ్యలో ఒక పెట్టె తెరుచుకుంది, నెట్‌వర్క్ అన్‌లాక్ పిన్ కొట్టమని. కింద కీబోర్డు, పైన "అత్యవసర కాల్స్ మాత్రమే" అన్న అక్షరాలు. ఎంతసేపు చూసినా అంతే.

చాట్‌లో అడిగితే, అర్హత లేదన్నారు. ఎందుకు లేదంటే, యాభై ప్లాన్ నుంచి ముప్పై అయిదుకి మారిన రోజు నుంచి అరవై రోజులు మళ్లీ లెక్కపెట్టాలట. పాలసీలో ఆ ముక్క ఎక్కడుందో చూపించమన్నాను. లింకు పంపారు. ఆ పేజీలో అలాంటిది లేదు, డబ్బు కట్టి సర్వీసు నడిచిన రోజులని మాత్రమే ఉంది. నేను దాచుకున్న పీడీఎఫ్‌లోనూ అదే ఉంది. "పై టీముకి పంపాం, మూడు రోజుల్లో చెబుతారు" అన్నారు. చెప్పలేదు. మళ్లీ అడిగితే కొత్త మనిషి, మళ్లీ మొదటి నుంచి కథ, మళ్లీ మూడు రోజులు. అమ్మ టికెట్ తేదీ దగ్గరపడుతోంది. "పోనీలేవే, ఈ ఫోన్ నువ్వే వాడుకో" అంది అమ్మ. ఆవిడ అలా అన్నాక నాకు పట్టుదల ఇంకా పెరిగింది.

అప్పుడు ఎఫ్‌సీసీకి, అంటే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాను. దీనికి లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. వాళ్ల సైట్‌లో ఫారం నింపడమే. ఫోన్ కొన్న తేదీ, కట్టిన నెలలు, ఐఎంఈఐ, పాలసీలోని వాక్యం, చాట్‌లో వాళ్లిచ్చిన జవాబు, అన్నీ వరసగా రాసి, రసీదు, పీడీఎఫ్ జతచేశాను. కోపం ఎంత ఉన్నా ఆ ఫారంలో ఒక్క విశేషణం వాడలేదు, తేదీలే రాశాను. ఎఫ్‌సీసీ ఆ ఫిర్యాదుని కంపెనీకి పంపుతుంది. కంపెనీ 30 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వాలి, మనకీ, కమిషన్‌కీ. చాట్‌లో కూర్చున్న మనిషికి లేని అధికారం ఉన్నవాళ్ల బల్ల మీదికి మన కాగితం వెళ్తుంది.

నెల ఆగాల్సిన పనిలేకపోయింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఐఎంఈఐ సరిచూసుకుని, ప్లాన్ మార్పుని సిస్టమ్ తప్పుగా తీసుకుందని, అన్‌లాక్ పంపుతున్నామని చెప్పారు. ఫోన్ వైఫైకి కలిపి రీస్టార్ట్ చేయమన్నారు. చేశాక మళ్లీ మా ఆయన సిమ్ వేశాను. ఈసారి పెట్టె రాలేదు, గీతలు వచ్చాయి. గీతలు చూసి ఆగలేదు. వైఫై ఆపేసి డేటా చూశాను, కాల్ చేశాను, మెసేజ్ పంపాను. ఇవన్నీ విమానం ఎక్కకముందే చూసుకోవాలి. అక్కడికి వెళ్లాక తాళం ఉందని తెలిస్తే, ఇక్కడి కంపెనీతో తెనాలి నుంచి మాట్లాడి తీయించుకోవడం చాలా కష్టం.

తెనాలిలో మా పిన్ని కొడుకు జియో సిమ్ వేసి ఇచ్చాడు. కాల్స్, డేటా, ఓటీపీలు, యూపీఐ అన్నీ వచ్చేశాయి. 5జీ గుర్తు మాత్రం రాలేదు, 4జీతోనే నడుస్తోంది. ఆన్ చేసినప్పుడల్లా అమెరికా కంపెనీ బొమ్మ ఇంకా కనిపిస్తుంది, తాళం తీసినా అది పోదు. వారంటీ కూడా ఇక్కడిదే కాబట్టి అక్కడ పాడైతే బాగుచేయించే ఖర్చు మనదే. పాత ఫోన్ ఇప్పుడు నాన్న దగ్గరుంది.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తాను, ఎందుకంటే బోర్డు మీద కనిపించే తేడా వేరు, చివరికి మిగిలేది వేరు. అమ్మ ఫోన్ వాడింది ఐదు నెలలు. ఫోన్ 70, యాక్టివేషన్ 25, మొదటి నెల 50, తర్వాతి నాలుగు నెలలు 35 చొప్పున 140, మొత్తం 285 డాలర్లు. అదే ఫోన్ అన్‌లాక్డ్‌గా 200కి కొని, మన ఫోన్ మనం తెచ్చుకునేవాళ్లకిచ్చే 25 డాలర్ల ప్లాన్ వేసుకుంటే ఐదు నెలలకి 325. ఫోన్ మీద టెక్సస్ పన్ను మా ఊళ్లో 8.25 శాతం, అది కూడా కలిపితే నాకు మిగిలింది యాభై డాలర్లు. బోర్డు మీద మాత్రం నూట ముప్పై మిగిలేట్టు కనిపించింది.

యాభై డాలర్లు తక్కువేం కాదు, చాట్లతో కూర్చున్న సాయంత్రాలు కలుపుకున్నా నేను చేసిన పని సరైనదే అనుకుంటున్నాను. ఎంఎస్‌కి వచ్చిన మా కజిన్‌కి నేనే దగ్గరుండి ఆరు నెలల తాళం ఉన్న 39.99 ఫోన్ కొనిపించాను. వాడు రెండేళ్లు ఇక్కడే ఉంటాడు, ఆ తాళం వాడికి అడ్డే కాదు. వచ్చే వేసవిలో మా అత్తయ్యగారు వస్తున్నారు. ఆవిడ ఉండేది నెలన్నరే, అరవై రోజులు నిండవు. ఆవిడకి మాత్రం రెండొందలు పెట్టి అన్‌లాక్డ్ ఫోనే కొంటాను.